చంటిబిడ్డ సంచి ఒడిలోనే ఉండాలి

పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల బయలుదేరే కుటుంబాల్లో పెద్దల పట్టుబట్టలకే ఒక పెట్టె నిండుతుంది. బిడ్డ గుడ్డలు ఆ పెట్టె అడుగున చేరతాయి. తీరా ఘాట్ రోడ్డు మలుపుల్లో బిడ్డ వాంతి చేసుకుంటే, తుడవడానికి తల్లి కొంగే దిక్కు.

పసిబిడ్డకు వేరే చేసంచి ఉండాలి. అందులో రెండు మూడు జతల నూలు బట్టలు, పాత పంచె ముక్కలు, లీటరు సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు, గ్లాసు, చెంచా. గుండయ్యాక పగలు ఎండకూ, రాత్రి చలికీ ఒక టోపీ.

అన్నింటికన్నా ముఖ్యం ఓఆర్ఎస్ పొట్లాలు. విరేచనాలు పట్టుకుంటే పసివారి ఒంట్లో నీరు గంటల్లోనే తగ్గిపోతుంది. కొందరు పొడిని చిటికెడు చిటికెడు గ్లాసులో కలుపుతారు. అది ప్రమాదం. పెద్ద పొట్లానికి సరిగ్గా లీటరు నీళ్లు పోయాలి. చిన్న పొట్లమైతే కొలత దాని మీదే ఉంటుంది. మొత్తం ఒకేసారి కలిపి చెంచాతో పట్టాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం పోయకపోయినా వెంటనే డాక్టరుకు చూపాలి.

నడిచే పిల్లల జేబులో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి. కల్యాణకట్ట దగ్గర గుండ్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి మరి!