బోదె నాగలి ఎవరి చేతిలో?

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపట్ల ఎర్ర చెల్కల్లో టమాట, వంకాయ, మిరప వేసే చిన్న రైతుకు దుక్కి తర్వాత అసలు కష్టం బోదెలు తీయడం. ఎకరంలో 60 సెంటీమీటర్ల ఎడంతో బోదెలు తీస్తే సాళ్లన్నీ కలిపి 6,700 మీటర్ల పైచిలుకు అవుతయి. అంత పొడవునా నడుము వంచి పారతో మట్టి ఎగదోసేది కూలి మనిషి.

ఇప్పుడు చిన్న పవర్ వీడర్ వెనుక రెండు రెక్కల బోదె నాగలి తగిలిస్తున్నారు. మొదట బ్లేడ్లతో నేలను గుల్ల చేసి, తర్వాతనే నాగలి పెట్టాలి. రెక్కలు విప్పితే కాలువ వెడల్పు, మూస్తే ఇరుకు. పదును ముఖ్యం. పిడికిట పట్టిన మట్టి ముద్దయి, వేలితో తడితే రాలాలె. తడి ఎక్కువైతే గడ్డలు లేస్తయి, ఎండితే నాగలి దిగదు. తొలి సాలు తాడు కట్టి తోలాలి. అది వంకరపోతే తక్కినవన్నీ వంకరే. వాలుకు అడ్డంగా తోలితే వాన నీరు కాలువల్లో ఇంకుతది, మట్టి కొట్టుకపోదు.

ఇంతవరకు మేలే. నడుములు విరిచే పని తగ్గితే కూలీలకు మాత్రం చేదా? మేము యంత్రానికి శత్రువులం కాము. అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే మా ప్రశ్న.

2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, దళిత, గిరిజన, మహిళా రైతులకు ధరలో సగం దాకా సబ్సిడీ అన్నారు. తక్కిన సగం ఎక్కడ తేవాలె? కౌలుదారు పేర పాసుపుస్తకమే లేదాయె. అతనికి గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011 చట్టం చెప్పింది. కార్డు చేతికి రానివాడు సబ్సిడీ గడప ఎట్లా ఎక్కుతడు? చివరకు డబ్బున్నవాడు మిషన్ కొంటడు, లేనివాడు గంటల లెక్కన కిరాయి కడతడు. పార పట్టిన కూలీకి పని పోతది. నారు పెట్టే ఆడకూలీల మీద పని ఒక్క రోజునే కుప్పపడుతది, కూలి మాత్రం పెరగదు.

కనుక ఊరూరా కూలీలు, చిన్న రైతులు, కౌలుదారులు కలిసి ఉమ్మడిగా మిషన్ తెచ్చుకోవాలి. కిరాయి గ్రామసభలో తేల్చాలి. నడపడం కూలీ కుటుంబాల ఆడపిల్లలకూ మగపిల్లలకూ నేర్పి, ఆ పనికి తగిన కూలి కట్టాలి. బ్లేడ్ల మీద రేకు కవచం లేనిదే మిషన్ కదలరాదు. వెనక్కి నడిపేటప్పుడు బ్లేడ్లు ఆపాలె. కౌలు కార్డుల కోసం మండల ఆఫీసు ముందు కూచోవాలె.

అన్నలారా, అక్కలారా! మిషన్ మన ఊరికి రానేవచ్చింది. దాని పగ్గం మన చేతికి తెచ్చుకునేది సంఘబలంతోనే.