పసిపిల్లలును ప్రదర్శనశాలయును

పుస్తకమందు చదివిన సంగతిని పిల్లలు మఱచిపోవచ్చును గాని, కన్నులార చూచినదానిని తేలికగా మఱవరు. కావుననే పాఠశాలలవారు బాలబాలికలను ప్రదర్శనశాలలకు తీసికొనిపోవుచుందురు. అయితే మనము చూపుట వేఱు, వారు చూచుట వేఱు. ఈ భేదమును మేము మా తప్పిదము వలననే నేర్చుకొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట రెండవ, మూడవ తరగతుల పిల్లలను హైదరాబాదునందలి సాలార్‌జంగ్ మ్యూజియమునకు తీసికొనిపోయితిమి. మూసీనది దక్షిణపు గట్టుననున్న ఈ ప్రదర్శనశాలలోని వస్తువులలో అధికభాగము, నిజామునొద్ద దివానుగా నుండిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించినవి. 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దీనిని దివాన్ దేవిడీయందు ప్రారంభించిరి. 1968లో ఇది ఇప్పటి భవనమునకు మార్చబడెను.

ఆనాడు ఒక్క గదియు విడువరాదని పిల్లలను వరుసగా నడిపించితిమి. ముసుగు ధరించిన రిబ్కా పాలరాతి విగ్రహమునొద్ద ఒక చిన్నవాడు నిలిచిపోయి, "మాస్టరుగారూ, ఆ ముసుగు గుడ్డా, రాయా?" అని యడిగెను. "వరుస చెడుచున్నది, నడువుము" అని వాని చేయి పట్టి లాగితిమి. మఱునాడు ఏమేమి చూచితిరని అడుగగా, పలువురు బస్సును గూర్చియు, దాహమును గూర్చియు చెప్పిరి. ఆ చిన్నవాడు మాత్రము మరల "అది గుడ్డా, రాయా?" అనియే అడిగెను. నిజముగా చూడగోరినవాడు వాడొక్కడే. వానినే మేము చూడనీయమైతిమి.

నాటినుండి మేమవలంబించు పద్ధతి యిది. మొదట ఉపాధ్యాయుడు తానొక్కడే పోయి చూచి రావలెను. శుక్రవారము సెలవు గనుక ఆ దినమును తప్పింపవలెను. పదిమంది పిల్లలకొక పెద్దవారుండవలెను. "తాకరాదు" అని ఊరక గద్దింపక, కారణము చెప్పవలెను. ఒక చేతి చెమట చేయు హాని కంటికి కనబడదు. వేలకొలది చేతులు తాకినచో తెల్లని రాయియు మాసిపోవును.

పసివారికి మూడు వస్తువులు చాలును. మొదటిది ఆ రిబ్కా విగ్రహమే. దీనిని ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ చెక్కెను. మొదటి సాలార్‌జంగ్ 1876లో తన ఐరోపా ప్రయాణమందు కొనెను. రిబ్కా ఇస్సాకును దూరమునుండి చూచి, ఒంటె దిగి ముసుగు వేసికొనిన కథ ఆదికాండము 24వ అధ్యాయమందున్నది. ఆ కథను ముందుదినమే చెప్పవలెను. ముసుగు వెనుక వేఱొక ముఖము లేదు. ముఖపు ఎత్తుపల్లములమీద పలుచని గుడ్డ పడినట్లు మడతలు చెక్కబడుటచేత, వెలుగునీడలవలన మన కన్ను భ్రమించును. తడిసిన పలుచని గుడ్డను చెంబుమీద పరచి చూపినచో ఈ రహస్యము పిల్లలకు సులభముగా తెలియును.

రెండవది సంగీత గడియారము. గంటగంటకును ఒక చిన్నబొమ్మ వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైన నన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోవును. అచ్చట జనసమ్మర్దము మెండు గనుక ముందుగానే పిల్లలను కూర్చుండబెట్టవలెను. తిరిగి వచ్చిన పిమ్మట, ఒంటిగంట మొదలు పండ్రెండువరకు మొత్తమెన్ని దెబ్బలని లెక్క యీయవలెను. వ్రేళ్లు మడిచి 78 అని చెప్పినవాడు ఆ గడియారమును మఱవడు.

మూడవదానిని పిల్లవాడే యెన్నుకొనవలెను. అచ్చట వానిని తొందరపెట్టరాదు.

పిదప తరగతిలో ఒక పలకమీద పిల్లలు ఇంటినుండి తెచ్చిన పాత నాణెము, కవ్వము, గవ్వ మొదలగువాని నుంచి, అది యేమి, ఎవరిది, ఎందులకు వాడిరి అను మూడు సంగతులను చీటిమీద వ్రాయింపవలెను. తమ అవ్వ చిలికిన కవ్వమును భద్రపరచిన పిల్లలకు, ప్రదర్శనశాల యేల యున్నదో వేఱుగా చెప్పనక్కరలేదు.

మఱుసటి యేడు ఆ చిన్నవానిని మరల తీసికొనిపోయితిమి. వాడు విగ్రహము చుట్టును మెల్లగా తిరిగి చూచి, "రాయే, మాస్టరుగారూ!" అనెను. ఆ ఉత్తరమును వాడు తన కన్నులతోనే సంపాదించెను. మేము చేయవలసినదెల్ల, వానిని నిలువనిచ్చుటయే.