మందుల చీటీలో రాసిన నడక: మెదక్‌లో ఎక్కడ నడవాలి?



షుగరు, బి.పి. చూపించుకోవడానికి వచ్చినవారి చీటీలో మందుల కింద "రోజూ అరగంట నడక" అని రాస్తుంటాము. మరుసటి నెల వచ్చినప్పుడు మందులు వేసుకున్నారా అని అడిగితే వేసుకున్నామంటారు. నడిచారా అంటే మాత్రం చాలామంది తల వంచుకుంటారు. "ఎక్కడ నడవాలండీ, రోడ్డు మీద లారీలు, గల్లీలో కుక్కలు" అని కొందరు అంటారు. "హైదరాబాదులో ఉన్నట్టు మనకు పార్కులున్నాయా?" అని మరికొందరు అడుగుతారు. బీడీలు చుట్టే అక్కలైతే "పొద్దుగూకేదాకా పనే కదా, మళ్ళీ నడక ఎందుకు?" అంటారు.

ఈ ప్రశ్నల్లో న్యాయం ఉంది. నడవమని చెప్పేవారు ఎక్కడ నడవాలో కూడా చెప్పాలి. అందుకే ఈసారి మన మెదక్‌లోనూ చుట్టుపక్కలా నడవదగిన మూడు చోట్ల గురించి, వాటిలో ఏది ఎవరికి తగినదో రాస్తున్నాము.

నడిస్తే ఒంట్లో ఏమవుతుంది?

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. కాళ్ళ కండరాలు కదిలినప్పుడు ఆ చక్కెరను తమలోకి తీసుకుని ఖర్చు చేస్తాయి. ఆ సమయంలో వాటికి ఇన్సులిన్ అవసరం కూడా తక్కువే. కాబట్టి భోజనమైన తరువాత పది పదిహేను నిమిషాలు నడిచినా రక్తంలో చక్కెర ఎక్కువగా పెరగకుండా ఉంటుంది. నడక వలన కలిగే మేలు ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి నడక మానరాదు.

బీడీలు చుట్టేవారికి, దుకాణంలో కూర్చునేవారికి, మిషను కుట్టేవారికి రోజంతా చేతులే కదులుతాయి, కాళ్ళు కదలవు. అలసట వస్తుంది గాని చక్కెర తగ్గదు. పొలంలో నాట్లు, కలుపు పనులు చేసేవారికి మాత్రం ఆ పనే వ్యాయామం. పని లేని నెలల్లో వారు కూడా నడవాలి.

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు. ఒకేసారి నడవలేనివారు మూడు పూటలా పదేసి నిమిషాలు నడవవచ్చును. నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగమని గుర్తు.

మొదటి మెట్టు: చర్చి ఆవరణ

కొత్తగా మొదలుపెట్టేవారికి, వయసు మళ్ళినవారికి, మోకాళ్ళ నొప్పులవారికి మన కెథడ్రల్ ఆవరణ మంచిది. నేల చదునుగా ఉంటుంది, లారీల భయం లేదు. కెథడ్రల్ పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అంటే గోడల వెంట ఒక చుట్టు తిరిగితే సుమారు 600 అడుగులు. కాస్త ఎడంగా నడిస్తే 200 మీటర్లు అవుతుంది. ఐదు చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. లెక్క పెట్టుకోవడానికి ఫోను కూడా అక్కరలేదు. మొదటి వారం 3 చుట్లు చాలు. తరువాత వారానికి రెండేసి చుట్లు పెంచుకోండి. ఆరాధన వేళల్లోనూ, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రోజుల్లోనూ జనం ఎక్కువ కాబట్టి అప్పుడు వేరే చోటు చూసుకోండి.

రెండవ మెట్టు: కోట గుట్ట

నెలా రెండు నెలలు చదును నేల మీద ఆయాసం లేకుండా అరగంట నడవగలిగినవారు కోట ఎక్కవచ్చును. కాకతీయుల కాలం నాటి ఈ కోట సుమారు 300 అడుగుల ఎత్తు గుట్ట మీద ఉంది. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటుకుంటూ పైకి పోవాలి. ప్రతి ద్వారం దగ్గర ఆగి, ఊపిరి సర్దుకున్నాకే ముందుకు సాగండి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారం ఎక్కువ పడుతుంది, తొందరపడవద్దు. గుండె జబ్బు ఉన్నవారు, కాలికి పుండు ఉన్నవారు, షుగరు వలన కంటి లోపల రక్తస్రావం జరిగినవారు డాక్టరును అడగకుండా గుట్ట ఎక్కరాదు.

మూడవది: పోచారం

మెదక్ నుండి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో పోచారం చెరువు, దాని పక్కనే అడవి ఉన్నాయి. 1916-22 మధ్య వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టగా ఈ చెరువు ఏర్పడింది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి ఇప్పుడు జింకలకు రక్షిత ప్రాంతం. ఇది రోజూ పోయే చోటు కాదు. సెలవు రోజున పిల్లలతో కలిసి పోయి నడిచి రావడానికి బాగుంటుంది. వానాకాలంలో అలుగు పారుతున్నప్పుడు నీళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు.

ఈ జాగ్రత్తలు మరువవద్దు

షుగరు ఉన్నవారి పాదాలకు తిమ్మిరి వలన ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కాలి వేలు తీసేదాకా వచ్చిన రోగుల్లో అనేకులకు జబ్బు మొదలైంది పట్టించుకోని చిన్న పుండుతోనే. ఉత్త కాళ్ళతో నడవవద్దు. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు గాని, సాక్సుతో బూట్లు గాని వేసుకోండి. ఇంటికి వచ్చాక పాదాల అడుగున, వేళ్ళ సందున చూసుకోండి. చూపు ఆనకపోతే మనవరాలినో కోడలినో చూడమనండి.

ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వాడేవారు పరగడుపున ఎక్కువ దూరం నడవవద్దు. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే కూర్చుని మూడు చెంచాల చక్కెర తినండి.

ఎండాకాలంలో ఉదయం 7 గంటల లోపే నడక ముగించండి. చీకటి వేళ టార్చి, చేతికర్ర దగ్గర ఉంచుకోండి. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు టీకాకు రండి.

నడుస్తుండగా గుండెలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మితిమీరిన ఆయాసం వస్తే ఆగిపోండి. తగ్గకపోతే 108కి ఫోను చేయండి. నడిచినప్పుడు పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది కాలి రక్తనాళాల జబ్బు కావచ్చును. తప్పక చూపించుకోండి.

కలిసి నడవండి

ఒంటరిగా మొదలుపెట్టినవారు త్వరగా మానేస్తారు. ఆడవారికి ఒంటరిగా పోవడం ఇబ్బంది కూడా. స్త్రీల మైత్రి కూటంలో నలుగురు అక్కచెల్లెళ్ళు ఒక వేళ అనుకుని బయలుదేరితే ఆ ఇబ్బంది తీరుతుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు కలిసి నడుస్తూ తమ దుఃఖం చెప్పుకున్నారు, ఆ దారిలోనే ప్రభువు వారితో జత కలిశాడు. తోడు ఉంటే దూరం తెలియదు, మనసు బరువూ తగ్గుతుంది.

మన కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. కరువు కాలంలో పోస్నెట్ దొరగారు ఆకలిగొన్న జనానికి ఈ కట్టడంలో పని ఇచ్చి అన్నం పెట్టారు. ఆనాటివారికి ఒళ్ళు వంచి పనిచేసే బలం ఉంది, తిండి లేదు. మనలో చాలామందికి తిండి ఉంది, ఒంటికి పని లేదు. వారు రాళ్ళు మోసి కట్టిన గోడల చుట్టూ మనం రోజుకు పది చుట్లు తిరగలేమా?

వచ్చేసారి పరీక్షకు వచ్చినప్పుడు ఎన్ని చుట్లు తిరిగారో చెప్పండి. చీటీలో మందుల పక్కనే దాన్ని కూడా రాసిపెడతాము. దేవుడు మీ అడుగులను స్థిరపరచును గాక.