దించాకే నిమ్మ పిండాలి

నిమ్మకాయ పులిహోర కలిపే ఇంట్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "పొయ్యి మీద ఉండగా పిండకు, చేదెక్కుతుంది." మా అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా అది మన పులిహోరకే చెందిన కిటుకు అనుకునేదాన్ని. ఇటలీలో నేపుల్స్‌కు దక్షిణాన, సముద్రంలోకి నిటారుగా దిగే అమాల్ఫీ కొండల మీద నిమ్మ పాస్తా వండేవాళ్ళూ ఆ క్రమమే పాటిస్తారని చాలా తర్వాత తెలిసింది. ఇప్పుడు వండబోయే నిమ్మ పాస్తాలో ముఖ్యమైనవి మూడు: క్రీమ్, ఆకుకూర, పులుపు. పులుపు తగిలితే పాలు విరుగుతాయి, ఆకు రంగు చెడుతుంది. అలాంటిది ఈ మూడింటినీ ఇరవై నిమిషాల్లో ఒకే మూకుట్లో కలిపి కమ్మగా దించేయొచ్చు. ఏది ఎప్పుడు వేయాలో తెలిస్తే చాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఎన్ని విశేషాలు ఉన్నాయో చూడండి.

గంజి పారబోయొద్దు

పాస్తా ఉడికిన నీళ్ళకు మన భాషలో సరైన పేరు గంజి. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు అన్నది ఇటలీ వంటిళ్ళలో వాడుక లెక్క. సాస్ చిక్కగా రావాలంటే నేను నీళ్ళు కాస్త తగ్గించే పోస్తాను, గంజి చిక్కబడుతుందని. ఉడికేటప్పుడు పాస్తా పైపొరలోంచి పిండిపదార్థం నీళ్ళలోకి వస్తుంది. నూలు చీరకు బిగువునిచ్చేదీ, సాస్‌లో వెన్ననూ నీళ్ళనూ విడిపోకుండా పట్టి ఉంచేదీ ఆ పిండిపదార్థమే.

దీని మీద భౌతికశాస్త్ర పరిశోధన కూడా జరిగింది. చీజు, మిరియాలు, గంజి తప్ప ఇంకేమీ లేని రోమ్ నగరపు పాస్తా 'కాచో ఎ పెపె'లో చీజు ఎందుకు ఉండలు కడుతుందో ఇటలీ శాస్త్రవేత్తలు కొందరు తేల్చి 2025లో 'ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్' పత్రికలో ప్రచురించారు. చీజు బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం ఉంటే సాస్ నున్నగా నిలుస్తుంది. 1 శాతం కంటే తగ్గితే వేడికి చీజు ముద్దలు కడుతుంది. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ ఆ ఏడాదే వాళ్ళకు దక్కింది.

గిన్నెలో పట్టలేదని స్పాగెట్టి విరిచేవాళ్ళకు ఒక మాట. రెండు చివర్లూ పట్టుకుని వంచితే అది రెండుగా విరగదు, మూడో నాలుగో ముక్కలవుతుంది. రిచర్డ్ ఫైన్‌మన్ అంతటి శాస్త్రవేత్తను తికమకపెట్టిన సంగతి ఇది. మొదటి విరుపుతో పుట్టే కంపనం మిగతా పుల్లలోకి పాకి మళ్ళీ విరుస్తుందని 2005లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు వివరించారు. అసలు విరవక్కర్లేదు. నిలువుగా నిలబెడితే అర నిమిషంలో మెత్తబడి అదే లోపలికి జారుతుంది.

బన్సీ రవ్వకు చుట్టం

1967లో ఇటలీ ఒక చట్టం చేసింది: ఎండు పాస్తాను డ్యూరం గోధుమ రవ్వతోనే తయారు చేయాలి. మామూలు గోధుమ కంటే గట్టి గింజ అది, మాంసకృత్తులు ఎక్కువ. అందుకే ఉడికినా జావ కాకుండా పంటికి తగులుతుంది. మన కిరాణా కొట్లలో ఉప్మాకు అమ్మే పసుపు ఛాయ బన్సీ రవ్వ కూడా డ్యూరం జాతి గోధుమదే. ఇక హైదరాబాద్‌లో పుట్టి మన సేమ్యా పాయసాల్లో స్థిరపడిన 'బాంబినో' పేరు అచ్చమైన ఇటాలియన్ మాట. పసివాడు అని అర్థం.

పాస్తాల పేర్లు చాలావరకు అలాంటి ఇంటి మాటలే. స్పాగెట్టి అంటే సన్న దారాలు, లింగ్వినె అంటే చిన్న నాలుకలు, ఫార్ఫల్లె అంటే సీతాకోకచిలుకలు, ఒరెక్కియెత్తె అంటే చిట్టి చెవులు. నిమ్మ, క్రీమ్ ఉన్న సాస్‌కు లింగ్వినె బాగా కుదురుతుంది. దాని వెడల్పుకు సాస్ పట్టుకుని ఉంటుంది.

మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడని చాలామందిలాగే నేనూ చిన్నప్పుడు నమ్మాను. ఆయన వెనిస్‌కు తిరిగి వచ్చింది 1295లో. అంతకు 16 ఏళ్ళ ముందే, 1279లో, జెనోవాలో ఒక సైనికుడి ఆస్తిపత్రంలో మకరోని నిండిన పీపా ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే, సిసిలీలో పలెర్మో దగ్గరి త్రాబియా ఊళ్ళో 'ఇత్రియా' అనే ఎండు పిండి వంటకం చేసి ఓడలకెక్కిస్తున్నారని అరబ్బు భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసీ 1154లోనే రాశాడు. మార్కో పోలో కథకు ఊపిరి పోసింది 1929లో అమెరికా పాస్తా వ్యాపారుల పత్రిక 'మకరోని జర్నల్'.

క్రీమ్ లేని అసలు ఆల్‌ఫ్రెడో

క్రీమ్ పాస్తా అనగానే అందరూ తలచుకునే ఆల్‌ఫ్రెడోలో మొదట క్రీమే లేదు. రోమ్‌లో ఆల్‌ఫ్రెడో ది లెలియో అనే ఆయన, కాన్పు తర్వాత నీరసించిన భార్య ఈనెస్ కోసం వెన్న, పర్మజాన్ చీజు దండిగా వేసి ఫెత్తుచ్చినె కలిపి పెట్టాడట. బాలింతకు పథ్యంగా మొదలైన వంట అది. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ కొత్త దంపతులుగా వచ్చి తిని ముచ్చటపడ్డారు. ఆ తర్వాత అమెరికాలో అది క్రీమ్ వంటకంగా మారింది.

శాకాహారులు గమనించాల్సింది ఒకటుంది. అసలైన పార్మిజానో రెజ్జానోను లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే తోడుపెట్టాలని నిబంధన. ఒక్కో చక్రం 40 కిలోలు తూగుతుంది, దానికి సుమారు 550 లీటర్ల పాలు పడతాయి. ఆ రెన్నెట్ వద్దనుకుంటే ఆకుపచ్చ చుక్క ఉన్న గట్టి చీజు తురుముకోవచ్చు. రుచి కొద్దిగా తగ్గినా వంట చెడదు.

ఏ పాలకూర?

బజారులో మనం కొనే పాలకూర చాలావరకు ఇంగ్లిషువాళ్ళు 'స్పినాచ్' అనే మొక్క కాదు. మనది బీట్‌రూట్ జాతి ఆకు. అసలు స్పినాచ్‌ను మన ఉద్యాన శాస్త్రవేత్తలు 'విలాయతీ పాలక్' అంటారు. రెండూ ఒకే కుటుంబానివి కాబట్టి వంటలో ఒకదాని బదులు ఇంకొకటి హాయిగా వాడుకోవచ్చు. స్పినాచ్ పుట్టిల్లు పర్షియా ప్రాంతం. అది 647లో నేపాల్ రాజు కానుకగా చైనా చక్రవర్తికి అందింది. చైనావాళ్ళు దాన్ని పర్షియా కూర అన్నారు.

ఇక రంగు. గోంగూర వేయించేటప్పుడు గరిటె పెట్టి రెండు తిప్పులు తిప్పేలోగా పచ్చదనం పోయి ముదురు చామనఛాయకు వస్తుంది చూడండి, ఆకుపచ్చకు పులుపు ఏం చేస్తుందో చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం లేదు. ఆకుల్లోని పత్రహరితం నడిమధ్య ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడిలో ఆమ్లం తగిలితే ఆ మెగ్నీషియం ఊడిపోయి హైడ్రోజన్ చేరుతుంది, రంగు మారిపోతుంది. గోంగూరకు పులుపు పుట్టుకతోనే ఉంది కాబట్టి దాన్ని ఆపలేం. పాలకూరను ఆపొచ్చు. దానిలోనూ కొద్దిపాటి ఆమ్లాలు ఉంటాయి, మూత పెడితే ఆవిరితో పోవలసినవి కూడా మళ్ళీ ఆకు మీదే పడతాయి. అందుకే మూత పెట్టకండి, నిమిషానికి మించి ఉంచకండి, నిమ్మరసం ఆఖర్న వేయండి.

మొక్కల్లోని ఇనుము మన ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. అదే పూట సి విటమిన్ ఉన్నదేదైనా తింటే ఎక్కువ పడుతుంది. పాలకూర పప్పు మీద నిమ్మచెక్క పిండుకోవడం నాలుక్కే కాదు, ఒంటికీ మేలే. ఈ పాస్తాలోనూ జరిగేది అదే.

కదురు ఆకారం నిమ్మ

అమాల్ఫీ లెమన్ పేరు స్ఫుజాతో. ఇటాలియన్‌లో 'ఫూజో' అంటే కదురు. రెండు కొసలూ సన్నబడి నూలు వడికే కదురులా ఉంటుందని ఆ పేరు. 2001లో దానికి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు దక్కింది. కొండవాలును మెట్లుగా చెక్కి, రాతిగోడలు కట్టి, చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళ కింద ఈ చెట్లను పెంచుతారు. రైతులు ఆ కర్రల మీద నుంచి కర్రల మీదకు అడుగులేస్తూ కాయలు కోస్తారు. వాళ్ళను 'ఎగిరే రైతులు' అంటారు. ఒకప్పుడు 50 కిలోలకు పైబడిన బుట్టలను భుజాన వేసుకుని వందల మెట్లు దిగి రేవుకు చేర్చింది ఆడవాళ్ళు. ఆ ఆడవాళ్ళకు 'ఫోర్మికెల్లె' అని పేరు, చిన్న చీమలు అని. ఆ తీరం ఫొటోల్లో పసుపు కాయలు మెరుస్తుంటే నాకు ముందు ఆ భుజాలే గుర్తొస్తాయి.

గూడూరు మార్కెట్ నుంచి లారీలకెక్కి ఢిల్లీ దాకా వెళ్ళే మన నిమ్మకాయ ఆ లెమన్ కాదు. మనది గుండ్రని, పల్చటి తొక్క కాయ, ఇంగ్లిషులో 'లైమ్' అనే జాతి. లెమన్ మాత్రం మాదీఫలానికీ పుల్ల నారింజకూ పుట్టిన సంకరం. ఈ తేడా ఒకప్పుడు ప్రాణాల మీదికి తెచ్చింది. బ్రిటిష్ నౌకాదళం 1795 నుంచి లెమన్ రసం ఇచ్చి నావికులను సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ నుంచి కాపాడింది. 19వ శతాబ్దం మధ్యలో వెస్టిండీస్ లైమ్ చవకని దానికి మారితే, పాత జబ్బు మళ్ళీ తలెత్తింది. లైమ్‌లో సి విటమిన్ బాగా తక్కువ.

పాస్తా వరకు మన నిమ్మకాయ చక్కగా పనికొస్తుంది. వాసన తొక్కలో, పులుపు రసంలో ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు. చిన్నప్పుడు కమలా తొక్క మడిచి పక్కవాళ్ళ కళ్ళలోకి చిమ్మిన తుంపర గుర్తుందా? తొక్క మీది సన్న గుంటల్లో ఉండే నూనె అది. కొవ్వొత్తి మంట వైపు చిమ్మితే చిటచిటమని మెరుస్తుంది కూడా. ఆ నూనె నీళ్ళలో కరగదు, వెన్నలో కరుగుతుంది. కాబట్టి తొక్క తురుమును వేడి వెన్నలో వేస్తే వాసన సాస్ అంతటా పరుచుకుంటుంది. పైనున్న రంగు పొర మాత్రమే తురమండి. కింది తెల్లటి పొర చేదు.

ఇక కలపడం

ఇద్దరికి 200 గ్రాముల లింగ్వినె ఉడకనివ్వండి. పక్క పొయ్యి మీద మూకుడు పెట్టి 25 గ్రాముల వెన్న కరిగించి, రెండు నిమ్మకాయల తొక్క తురుము వేయండి. అర నిమిషంలో వంటిల్లంతా వాసన వస్తుంది. 100 మిల్లీలీటర్ల క్రీమ్ పోసి సన్న సెగ మీద ఉంచండి. ఇక్కడ పాలు వాడొద్దు. పాలలోని కేసీన్ పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి వస్తే గడ్డకడుతుంది. వేడిగా ఉంటే అంతదాకా కూడా ఆగదు, అప్పటికే పనీరులా విరిగిపోతుంది. క్రీములో కొవ్వు ఎక్కువ, కేసీన్ తక్కువ, అందుకే తట్టుకుంటుంది. 35 శాతం కొవ్వున్న క్రీమ్ అయితే నిశ్చింత. మన దగ్గర డబ్బాల్లో దొరికే 25 శాతం క్రీమైతే మరగనివ్వకుండా చూసుకోండి.

పాకెట్టు మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే పాస్తాను మూకుట్లోకి తీయండి, ఒక గ్లాసు గంజి పక్కన పెట్టుకుని. గరిటెడు గంజి, పెద్ద గుప్పెడు తరిగిన పాలకూర వేసి నిమిషం పాటు ఎగరేస్తూ కలపండి. మొదట నీళ్ళగా పల్చగా ఉంటుంది. కంగారు పడకండి. కలుపుతుంటే మూకుడు అంచున బుడగలు చిన్నవై, సాస్ చిక్కబడి ఒక్కో పోగుకు అంటుకుంటుంది. అప్పుడు పొయ్యి కట్టేసి, పది లెక్కపెట్టి, 40 గ్రాముల చీజు తురుము, మిరియాల పొడి వేయండి. అన్నిటికన్నా చివర ఒక పెద్ద చెంచా నిమ్మరసం. పులిహోరకు పిండినట్టే, దించాక.

గంజి గ్లాసును మాత్రం రెండో వడ్డన అయ్యేదాకా ఉంచండి. చల్లారేకొద్దీ సాస్ బిగుస్తుంది, రెండు చెంచాలు పోసి కలిపితే మళ్ళీ జారుగా వస్తుంది.