కోఠీలనాటి బందరు



నేను నివసించు సంతోష్‌నగరమునకు తూర్పుదిక్కున హయత్‌నగరము కలదు. కుతుబ్‌షాహీల కాలమున బాటసారులు విడియుటకై కట్టిన సరాయి అచ్చట ఉండెడిది. ఆ బాట తూర్పుగా సాగి సాగి తుదకు సముద్రతీరమున మచిలీపట్టణమును చేరును. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ఆ పట్టణమే సముద్రద్వారము. కావుననే జనులు దానిని బందరనిరి. బందరనగా పారసీకమున రేవని యర్థము. విదేశ వర్తకులు తొలుత వచ్చిననాడు ఆ యూరిలోని బ్రదుకెట్లుండెనో నేడు మనవిచేసెదను.

1605వ సంవత్సరమున వలందులు, అనగా హాలెండు దేశీయులు, ఆ రేవున దిగిరి. మరుసటి యేట సుల్తానుని యనుమతితో కోఠీ నెలకొల్పిరి. 1611లో ‘గ్లోబు’ అను ఓడపై ఇంగ్లీషువారును, 1669లో పరాసులును కోఠీలకై వచ్చిరి. పరాసులనగా ఫ్రెంచివారు. వీరెవ్వరును నాడు ప్రభువులు కారు. నజరానాలు చేతబట్టి ఫర్మానాకై వేచియున్న వర్తకులు మాత్రమే. రేవునేలు హవల్దారు దయలేనిదే వారి సరకు కదలెడిది కాదు.

1618 మొదలు 1622 వఱకు అచ్చటనున్న మెథ్వోల్డను ఇంగ్లీషు వర్తకుడు ఆ యూరిని వర్ణించియున్నాడు. ప్రాకారము లేదు, ఇండ్లు నాసిరకము, నూతినీరు ఉప్పన, పోటువచ్చిన చుట్టును సముద్రజలమే. ఐనను జనసమ్మర్దము మెండు. త్రాగునీరు సరిగా లేని యూరికి దేశదేశముల యోడలేల వచ్చినవి? బట్టకొఱకు. మన సాలెవారు నేయగా, చాకలివారు చలువచేయగా, అద్దకమువారు చిరివేరుతో ఎఱుపెక్కించిన బట్టలనిచ్చి, వలందులు తూర్పుదీవులలో లవంగములు, జాజికాయలు కొనెడివారు.

ఈ వ్యాపార మెట్లు నడచెననగా, కోఠీవారు దేశీయ వర్తకులకు ముందుగా సొమ్మిచ్చెడివారు. ఆ వర్తకులు దానిని నేతగాండ్రకు బయానాగా పంచెడివారు. నేతగాడా రూకలతో నూలుకొని, ఇల్లు గడుపుకొని, గడువునకు బట్ట తెచ్చెడివాడు. నిడివియో వెడల్పో కొఱతపడినచో వెల తగ్గెడిది, బాకీ నిలిచెడిది. 1630 ప్రాంతమున దక్కను నావరించిన కఱవు బందరు సీమను సైతము పీడింపగా నేతగాండ్రును చాకలివారును పెక్కండ్రు మరణించిరి.

అయినను ఆ దినములలో నేతగాని కొక యూఱట యుండెను. ఇంగ్లీషువాడు వెల తగ్గించినచో వలందు కొనును. వలందు కాదన్నచో పారసీక వర్తకుడు కొనును. కొనువారు పలువురుండుటయే పేదవానికి బలము. 1687లో గోలకొండ మొగలాయీల వశమయ్యెను. 1759లో ఇంగ్లీషువారు పరాసులనుండి బందరు కోటను గెలిచిరి. అంతట నిన్నటి వర్తకుడే నేటి ప్రభువయ్యెను. వెల కట్టువాడును, తగవు తీర్చువాడును ఒక్కడేయైన పిమ్మట నేతగాడెవరితో మొఱపెట్టుకొనగలడు?

నేటికిని బందరులో వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేరులు నిలిచియున్నవి. కొన్నవారి పేరులు పేటలకు దక్కినవి. నేసినవారి పేరులు మాత్రము దక్కలేదు. పెద్దలారా, మీ గ్రామమున పండిన పంటకుగాని నేసిన బట్టకుగాని ముందుసొమ్ము తెచ్చువాడు వచ్చినపుడు, కొనువాడు వేఱొకడు కలడా యని మొదట విచారింపుడు. బందరు చరిత్రము మనకు నేర్పు పాఠమిదియే.