చక్రపు నట్టు – దాని బిగువు

మోటారుబండి బరువంతయు చక్రపు స్టడ్డులమీదనే ఆనియున్నదని పలువురి తలంపు. నిజమునకు నట్టును బిగించినపుడు ఉక్కు స్టడ్డు రబ్బరువలె రవంత సాగును. సాగినది మరల కుదించుకొనజూచుటచే చక్రమును హబ్బునకు అదిమిపట్టును. ఆ రెండు తలముల నడుమ రాపిడియే బరువును, బ్రేకు తాకిడిని మోయును. బిగువు సడలినచో రాపిడి పోవును. స్టడ్డు అటునిటు వంగి వంగి తుదకు విరుగును. ఊడిన చక్రము రోడ్డుపై ఎవరిమీదికి దొర్లునో చెప్పజాలము.

ఈ సాగుడెంత? 12 మిల్లీమీటర్ల స్టడ్డులున్న కారులో నట్టును సుమారు 100 న్యూటన్‌మీటర్ల టార్కుతో బిగించితిమనుకొందము. అది అరమీటరు పానా కొనను 20 కిలోల బరువు వ్రేలాడదీసినదానితో సమానము. దానిచే ఒక్కొక్క స్టడ్డులో దాదాపు 4 టన్నుల లాగుడు పుట్టును. ఐదింటికి 20 టన్నులు. అందు ఆరవవంతు రాపిడిగా దక్కినను కారు బరువునకు మించియుండును. కాని ఇంత లాగుడునకు స్టడ్డు సాగునది మిల్లీమీటరులో పదవవంతైనను కాదు. చిక్కంతయు ఇచ్చటనే. చక్రమునకు, హబ్బునకు నడుమ రంగుపూతయో, తుప్పుపొలుసో, ఎండిన బురదయో చిక్కి, బండి నడచుచుండగా నలిగి పలుచబడినచో, ఆ వెంట్రుకవాసి సందే బిగువులో సగమును హరింపగలదు. నట్టు కొంచెమైనను తిరిగియుండదు! అందుకే తలములను తీగబ్రష్షుతో శుభ్రపరచి బిగించుట, 80 నుండి 100 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల సరిచూచుట అవసరము.

పానాపై మనము చూపు బలములో పదింట తొమ్మిదివంతులు మరలయందును, నట్టు అడుగునను రాపిడికే వ్యయమగును. మరలకు నూనె పూసినచో ఆ రాపిడి తగ్గి, అదే టార్కునకు స్టడ్డు హద్దు మీరి సాగును. తయారీదారు చెప్పిననే తప్ప నూనె తగదు. పానాకు మీటరు గొట్టము తొడిగి 60 కిలోల మనిషి దానిపై నిలుచుట మనవారికి అలవాటే. లారీల 22 మిల్లీమీటర్ల స్టడ్డునకు ఇంచుమించు అంత బలము కావలయును గాని, కారు స్టడ్డునకది ఆరురెట్లు. తెగకున్నను అది ఇక పనికిరాదు.

నట్లను వరుసగా గాక, ఒకదానికెదుట నొకదానిని, ఐదున్నచో నక్షత్రపు గీతవలె, రెండుమూడు విడతలుగ బిగింపవలెను. లేనిచో చక్రము ఒకవైపు ఒరిగి కూర్చుండును. తుది బిగింపు జాకీ దించి, చక్రము నేలనానిన తరువాతనే.

నట్టు తనంత తానే ఏల వదులగును? పక్కవాటు జారుడే ప్రధాన కారణమని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకముగా చూపెను. రెండిరుసుల ట్రాలీ మలుపు తిరుగునపుడు చక్రములు నేలపై పక్కకు ఈడ్వబడును. ఆ కుదుపు ముందు బండిలో కూర్చున్న డ్రైవరునకు తెలియదు. నట్టు చుట్టును ఎర్రని తుప్పుచారలు, కోలగా మారిన రంధ్రములు సడలుటకు గుర్తులు. కొన్ని లారీల నట్లకు పసుపుపచ్చని ప్లాస్టిక్ ముల్లులుండును; నట్టు తిరిగినచో ముల్లు చూపు మారును. అయితే పూత నలిగి పోయిన బిగువును ముల్లు చూపజాలదు. దానికి టార్కు రెంచి పట్టి చూడవలసినదే.