ఓటమి వేళ తోడుండే ఉస్తాద్

ఆన్‌లైన్ ఆట అనగానే కాలహరణమే మన తలపుకు వస్తుంది. ఆ ఆందోళన నిరాధారం కాదు. అయితే పిల్లలు ఎంతసేపు ఆడారని అడిగే మనం, వారికి ఆట నేర్పుతున్నదెవరని అడుగుతున్నామా?

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష క్రీడను విడుదల చేసింది. అందులో ధ్వంసమైన నౌక తిరిగి రాదు. నెలల శ్రమ నిమిషాలలో మట్టిపాలవుతుంది. కొత్తవారిని వంచించేవారూ అక్కడ ఉన్నారు. ఈ స్థితిలో, 2004లో ఆటగాళ్ల చొరవతోనే ‘ఈవ్ యూనివర్సిటీ’ వెలసింది. నాటి నుండి ఆటగాళ్లే స్వచ్ఛందంగా దానిని నడుపుతూ, కొత్తవారికి పాఠాలు చెబుతున్నారు, దళాలుగా వెంట తీసుకువెళ్తున్నారు. పోయినా భరించగలిగిన నౌకనే నడపాలన్నది అక్కడి తొలి పాఠాలలో ఒకటి. నౌకను కోల్పోయిన వారికి పొరపాటు ఎక్కడ జరిగిందో వివరించడం కూడా బోధనలో భాగమే.

ఉస్తాద్‌కు కొలమానం ఇదే: శిష్యుడు గెలిచినప్పుడు కాదు, ఓడినప్పుడు అతడెలా ప్రవర్తిస్తాడన్నది. మంచి ఉస్తాద్ పదిమంది ఎదుట నేర్పుతాడు. ఏకాంత సంభాషణ కోరేవాడు, ఇంటి చిరునామా, ఫోటో, డబ్బు అడిగేవాడు ఎంత నేర్పరి అయినా ఉస్తాద్ కాడు.

ఓడిన బిడ్డను ఇంట్లో మనమే ఎగతాళి చేస్తే, ఓదార్పు కోసం ఆ బిడ్డ అపరిచితులను ఆశ్రయించవచ్చు. ఆటలో ఏమి జరిగిందని ఈ రాత్రి భోజనాల వేళ మనమే అడుగుదాం. చెప్పేది చివరిదాకా విందాం.